దీర్ఘకాల నిద్రలేమికి ఆక్యుపంక్చర్ చేయించుకోవచ్చా?

మీరు రాసిన వివరాలను ముందుగా ఒకచోట పెడతాను. నాలుగేళ్లుగా మీకు నిద్ర సరిగా లేదు. పడుకున్నాక గంట, గంటన్నర గడిస్తే గానీ కన్ను మూతపడదు. మూతపడినా అర్ధరాత్రి దాటాక రెండింటికో మూడింటికో మెలకువ వచ్చేస్తుంది. మెలటోనిన్, మెగ్నీషియం, వలేరియన్, అశ్వగంధ ఒకదాని తర్వాత ఒకటి వాడి చూశారు. వైద్యులు రాసిన జోల్పిడెమ్ అనే నిద్రమాత్రను వారంలో సగానికి పైగా రాత్రులు వేసుకుంటున్నారు. బంధువుల సలహా మీద ఇటీవల ఆక్యుపంక్చర్ మొదలుపెట్టారు. మొదటిసారి సూదులు వేయించుకున్నాక రెండు రాత్రులు హాయిగా నిద్రపట్టింది, ఆ తర్వాత మళ్లీ పాత కథే. ఈ కోర్సు పూర్తి చేయాలా, మానేసి ఇంకేదైనా చూడాలా, సూదులు వేసేవారు చెబుతున్నట్టు మాత్రను వెంటనే ఆపేయవచ్చా అన్నవి మీ మూడు ప్రశ్నలు.

నిద్రలేమితో వచ్చేవారితో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదలుపెట్టిన కోర్సును ఒక గడువు పెట్టుకుని, లెక్క రాసుకుంటూ పూర్తి చేయడంలో తప్పు లేదు. అయితే దాన్ని ప్రధాన చికిత్సగా నమ్ముకోకండి. మీ చిట్టాలో ఉన్నవాటికంటే అందులో లేని ఒక పేరే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. నిద్రలేమికి ప్రత్యేకంగా రూపొందిన మానసిక, ప్రవర్తనా చికిత్స ఒకటుంది. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ ఫర్ ఇన్‌సోమ్నియా అనే ఆ పద్ధతిని క్లుప్తంగా సీబీటీ-ఐ అంటారు. నాలుగేళ్లలో ఇన్ని మందులు, మూలికలు వాడిన మీకు దాని గురించి ఎవరూ చెప్పినట్టు లేదు. దీర్ఘకాల నిద్రలేమి ఉన్న పెద్దలందరికీ మొట్టమొదట ఇవ్వవలసిన చికిత్స ఇదేనని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోను, యూరోపియన్ స్లీప్ రిసెర్చ్ సొసైటీ 2017లోను మార్గదర్శకాలు ఇచ్చాయి.

వారానికి కనీసం మూడు రాత్రుల చొప్పున మూడు నెలలకు పైగా నిద్ర ఇబ్బంది పెడుతూ, దాని ప్రభావం పగటి పనుల మీద కూడా పడుతుంటే దాన్ని దీర్ఘకాల నిద్రలేమి అంటారు. నిద్రలేమిని మొదలుపెట్టిన కారణం, దాన్ని ఏళ్ల తరబడి కొనసాగిస్తున్న కారణం చాలాసార్లు ఒకటి కావు. ఆర్థర్ స్పీల్‌మన్ అనే నిద్ర శాస్త్రవేత్త 1987లో ఈ విషయాన్ని మూడు అంచెలుగా వివరించారు. కొందరికి స్వభావసిద్ధంగానే నిద్ర గాఢంగా ఉండదు; వారి మీద ఒక అనారోగ్యమో, ఉద్యోగ ఒత్తిడో, ఆప్తుల మరణమో వచ్చిపడితే నిద్ర చెదురుతుంది; ఆ చెదిరిన నిద్రను ఎలాగైనా రాబట్టుకోవాలని మనం చేసే పనులే తర్వాత నిద్రలేమిని నిలబెడతాయి. త్వరగా పడుకోవడం, తెల్లారాక కూడా మంచం దిగకపోవడం, మధ్యాహ్నం కునుకుతో రాత్రి లోటు పూడ్చుకోవడం, రాత్రి పదే పదే గడియారం చూడటం, ఎప్పటికప్పుడు కొత్త చిట్కా వెతుక్కోవడం, ఇవన్నీ ఆ కోవలోవే. మీ విషయంలో మొదట్లో నిద్ర చెడగొట్టిన ఉద్యోగ మార్పు ఎప్పుడో సర్దుకుందని మీరే రాశారు. సమస్య మాత్రం మిగిలింది. అందువల్ల ఏ చికిత్సను తూచి చూసినా, సమస్యను కొనసాగిస్తున్న అలవాట్లను అది తాకుతుందా లేదా అన్నది నేను మొదట చూస్తాను.

ఇక ఆ రెండు మంచి రాత్రుల సంగతి. అవి సూదుల వల్లే వచ్చాయని మీరు అనుకోవడం సహజం; నిజంగా వాటి పాత్ర కొంత ఉండవచ్చు కూడా. కానీ నిద్రలేమి ఏ రాత్రీ ఒకేలా ఉండదు. మరీ ఘోరమైన వారం గడిచినప్పుడే ఎవరైనా కొత్త వైద్యం వెతుక్కుంటూ వెళతారు, అంతటి వారం తర్వాత వచ్చే రాత్రులు ఏ వైద్యం లేకపోయినా కొంత మెరుగ్గానే ఉంటాయి. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ వంటి పదార్థాలు పోగవుతూ నిద్ర ఒత్తిడిని పెంచుతాయి. వరుసగా కొన్ని రాత్రులు నిద్ర తక్కువైతే ఆ ఒత్తిడి పెరిగి శరీరం తానే ఒక రాత్రి గట్టిగా నిద్రపోతుంది. దీనికి తోడు, అరగంటసేపు మసక వెలుతురులో ఫోన్ లేకుండా కదలక పడుకోవడం, ఒకరు శ్రద్ధగా మీ బాధ వినడం, ఇవాళ నిద్ర పడుతుందన్న నమ్మకంతో మంచం ఎక్కడం కూడా పనిచేస్తాయి. నిద్రలేమి మందుల పరీక్షల్లో మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలోనూ చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపిస్తుందని పరిశోధకులకు బాగా తెలిసిన విషయమే. కాబట్టి రెండు రాత్రుల మీద ఆధారపడి ఆక్యుపంక్చర్ పనిచేసిందనీ అనకూడదు, తర్వాత వచ్చిన చెడు రాత్రులను చూసి పనిచేయలేదనీ అనకూడదు.

మరి పరిశోధనల మాటేమిటి? ఆక్యుపంక్చర్, నిద్రలేమి మీద 2012లో వెలువడిన కాక్రేన్ సమీక్ష (ఒక వైద్యంపై జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి తూచే అధ్యయనం) 33 పరీక్షలను, అందులో పాల్గొన్న 2293 మందిని పరిశీలించింది. చాలా పరీక్షల్లో మేలు కనిపించినా, వాటిని నిర్వహించిన తీరు బలహీనంగా ఉండటంతో, ఆక్యుపంక్చర్ పనిచేస్తుందని గానీ చేయదని గానీ తేల్చడానికి ఆ ఆధారాలు చాలవని సమీక్షకులు రాశారు. ఇక్కడ ఒక చిక్కు అర్థం చేసుకోవాలి. మాత్రల పరీక్షలో అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర తయారుచేయడం తేలిక. సూదికి అలాంటి జోడీని తయారుచేయడం కష్టం. చర్మంలోకి దిగకుండా పిడిలోకే ముడుచుకుపోయే సూదులు 1998 నుంచి వాడుకలో ఉన్నాయి, కొన్ని పరీక్షల్లో నిర్దేశిత స్థానాలకు దూరంగా సూదులు గుచ్చుతారు. అయినా చర్మానికి తగిలే ఆ స్పర్శకు కూడా ఎంతో కొంత ప్రభావం ఉండవచ్చు, పైగా సూదులు వేసే మనిషికి తాను వేస్తున్నది అసలుదో ఉత్తుత్తిదో తెలిసిపోతుంది. ఈ కారణంగా, చిన్నపాటి తేడా కనిపించినప్పుడు అది సూదిదా, వేసినవారి మాటదా అన్నది తేల్చడం కష్టమవుతుంది.

మీ ప్రశ్నకు సూటిగా ఉపయోగపడే పరీక్ష 2019లో ప్రచురితమైంది. క్యాన్సర్ చికిత్స పూర్తయి నిద్రలేమితో బాధపడుతున్న 160 మందిలో కొందరికి సీబీటీ-ఐ, మిగిలినవారికి ఆక్యుపంక్చర్ ఎనిమిది వారాల పాటు ఇచ్చారు. నిద్రలేమి తీవ్రతను 0 నుంచి 28 వరకు కొలిచే సూచికపై మొదటి వర్గంలో సగటున 10.9, రెండో వర్గంలో 8.3 పాయింట్లు తగ్గాయి. రెండూ మేలు చేశాయి, సీబీటీ-ఐ ఎక్కువ మేలు చేసింది. నన్ను ఆకట్టుకున్న అంశం లోపలి వివరాల్లో ఉంది. నిద్రలేమి స్వల్పంగా ఉన్నవారిలో సీబీటీ-ఐకి 85 శాతం మంది స్పందిస్తే ఆక్యుపంక్చర్‌కు 18 శాతం మందే స్పందించారు. మధ్యస్థం నుంచి తీవ్ర స్థాయి వారిలో మాత్రం ఆ అంకెలు 75, 66గా దగ్గరకు వచ్చాయి. చికిత్స ముగిసేనాటికి ఒంటి నొప్పులు తగ్గడంలో ఆక్యుపంక్చరే ముందుంది. ఈ పరీక్షలో ఉత్తుత్తి సూదుల వర్గం లేదు కనుక ఆ 8.3లో సూది వాటా ఎంతో ఇది చెప్పదు. పాల్గొన్నవారు క్యాన్సర్ నుంచి కోలుకున్నవారు కనుక అందరికీ అదే వర్తిస్తుందని కూడా అనలేం. అయినా, నొప్పి వల్ల రాత్రి మెలకువ వచ్చేవారికి ఆక్యుపంక్చర్ చేయించుకోవడంలో కొంత అర్థముందని నేను అనుకోవడానికి ఇదొక కారణం. మీకు మెడనొప్పి ఉందని ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. రాత్రి మెలకువ వచ్చినప్పుడు ఆ నొప్పి కూడా ఉంటోందా అన్నది గమనించండి. ఉంటే, మీరు ఈ కోర్సు కొనసాగించడానికి అది ఒక బలమైన కారణం.

కోర్సు పూర్తి చేయదలచుకుంటే దాన్నొక పరీక్షలా నడపండి. సాధారణంగా వారానికి ఒకటి రెండు సార్లు, ఒక్కోసారి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు, కొన్ని వారాల పాటు సూదులు వేస్తారు. నిద్రలేమికి మణికట్టు దగ్గర చిటికెనవేలి వైపున్న షెన్‌మెన్, నడినెత్తిన ఉండే బైహుయ్, చీలమండకు పైన లోపలి వైపున ఉండే సాన్‌యిన్‌జియావో వంటి స్థానాలను ఎక్కువగా ఎంచుకుంటారు. ఆరు వారాలు గడువుగా పెట్టుకోండి. ఇప్పుడు ఒకసారి, మూడు వారాలకు ఒకసారి, చివర ఒకసారి నిద్రలేమి తీవ్రత సూచిక నింపండి. అందులో ఉన్నవి ఏడు ప్రశ్నలే, మొత్తం 15 గానీ అంతకు పైన గానీ వస్తే చికిత్స అవసరమైన స్థాయిగా భావిస్తారు. సుమారు ఎనిమిది పాయింట్లు తగ్గితే కొనసాగించండి. రెండు మూడు పాయింట్లే తగ్గితే ఇంకో కోర్సు తీసుకుంటే గుణం కనిపిస్తుందని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. ఈ ఆరు వారాల్లో మరో కొత్త మూలికనో మాత్రనో మొదలుపెడితే లెక్క కలగాపులగమై ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

జాగ్రత్తల విషయానికొస్తే, సూదుల వల్ల హాని జరుగుతుందేమోనని మీరు రాసిన భయం అంత అవసరం లేదు. శిక్షణ పొందినవారి చేతిలో ఆక్యుపంక్చర్ చాలావరకు సురక్షితమే. కాస్త రక్తం చుక్క, కమిలిన మచ్చ, సూదులు తీశాక కళ్లు తిరగడం సాధారణంగా కనిపించేవి. ఒకసారి వాడి పారేసే సూదులనే మీ కళ్లెదుట ప్యాకెట్ విప్పి తీయాలి. రక్తం గడ్డకట్టకుండా ఆపే మందులు వాడుతున్నా, గుండెకు పేస్‌మేకర్ ఉన్నా, గర్భిణి అయినా ముందే చెప్పాలి. పేస్‌మేకర్ ఉన్నవారికి సూదులకు కరెంటు కలిపే పద్ధతి పనికిరాదు. ఛాతీ మీద, భుజాల పైభాగంలో సూది మరీ లోతుగా దిగితే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరే ప్రమాదం అరుదుగా ఉంటుంది కనుక, అక్కడ వేయించుకున్నాక ఆయాసమో ఛాతీలో పోటో వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

మీరు ఇప్పటికే వాడి చూసిన వాటి గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. మెలటోనిన్ ప్రధానంగా శరీర గడియారానికి రాత్రి అయిందని తెలిపే సంకేతం. రాత్రి రెండు మూడు దాటితే గానీ నిద్ర రాని, గడియారమే వెనక్కి జరిగిన వారికి, దూర విమాన ప్రయాణాల తర్వాత సమయం తారుమారైన వారికి అది బాగా అక్కరకొస్తుంది. మీలా మధ్యలో మెలకువ వచ్చేవారికి దాని మేలు స్వల్పం. పైగా సీసా మీద రాసిన మోతాదును నమ్మలేం. కెనడాలో అమ్మిన 31 ఉత్పత్తులను పరీక్షించిన 2017 నాటి అధ్యయనంలో, లేబుల్ మీద ఉన్నదానికంటే 83 శాతం తక్కువ నుంచి 478 శాతం ఎక్కువ దాకా మెలటోనిన్ బయటపడింది. మెలటోనిన్, వలేరియన్, అలర్జీ మందు డైఫెన్‌హైడ్రమిన్, ఈ మూడింటినీ దీర్ఘకాల నిద్రలేమికి వాడవద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2017లో సూచించింది. అశ్వగంధ మీద కొన్ని చిన్న పరీక్షలు ఆశాజనకంగా ఉన్నా, అరుదుగా కాలేయం దెబ్బతిన్న సంఘటనలు నమోదయ్యాయి, థైరాయిడ్ మందులు వాడేవారు వైద్యులను అడగకుండా తీసుకోకూడదు. మెగ్నీషియం లోపం లేనివారికి దానివల్ల నిద్ర పెరుగుతుందనడానికి గట్టి ఆధారాలు లేవు. పడుకోవడానికి గంటా రెండు గంటల ముందు 40 నుంచి 42.5 డిగ్రీల వేడి నీటితో పది నిమిషాలు స్నానం చేస్తే సగటున పది నిమిషాలు త్వరగా నిద్ర పడుతుందని 2019లో ఒక సమీక్ష తేల్చింది. వీటన్నిటిలో నేను సందేహం లేకుండా సిఫారసు చేసేది ఇదొక్కటే. కాస్త శ్రమ చేయగలిగితే తాయ్ చీ అనే నెమ్మది కదలికల చైనా వ్యాయామం కూడా పరిశీలించండి. రొమ్ము క్యాన్సర్ నుంచి కోలుకున్న మహిళల్లో నిద్రలేమి తగ్గించడంలో అది సీబీటీ-ఐకి తీసిపోలేదని 2017లో ప్రచురితమైన పరీక్ష చూపింది.

ఇప్పుడు అసలు చికిత్సకు వస్తాను. సీబీటీ-ఐ అంటే కూర్చోబెట్టి ధైర్యం చెప్పే కౌన్సెలింగ్ అని చాలామంది పొరబడతారు. దాని గుండెకాయ లాంటివి రెండు, రెండూ ఆచరణకు సంబంధించినవే. మొదటిది రిచర్డ్ బూట్‌జిన్ 1972లో ప్రతిపాదించిన పద్ధతి: నిద్ర ముంచుకొచ్చినప్పుడే మంచం ఎక్కాలి, సుమారు ఇరవై నిమిషాలు గడిచినా నిద్ర పట్టకపోతే గడియారం చూడకుండా లేచి వేరే గదిలోకి వెళ్లి, మసక వెలుతురులో తాపీగా ఉండే పనేదో చేసుకుని, కళ్లు వాలుతున్నప్పుడే తిరిగి రావాలి, రాత్రి ఎలా గడిచినా ఉదయం ఒకే సమయానికి లేవాలి. ఏళ్ల తరబడి మంచం మీద మేలుకుని మథనపడినవారి మెదడు, మంచం కనబడగానే అప్రమత్తం కావడం నేర్చుకుంటుంది. సోఫాలో తూగుతున్నవారికి పడకగదిలోకి రాగానే మత్తు వదిలిపోవడానికి కారణం అదే. మంచానికీ మెలకువకూ పడిన ఆ లంకెను తెంచడమే ఈ పద్ధతి ఉద్దేశం.

రెండోది స్పీల్‌మన్ రూపొందించిన, మంచంలో గడిపే సమయాన్ని కుదించే పద్ధతి. మీరు పదకొండుకు పడుకుని ఏడున్నరకు లేస్తున్నానన్నారు, మొత్తం మీద ఐదున్నర గంటలు నిద్రపోతున్నట్టు అంచనా వేశారు. అంటే మంచంలో ఎనిమిదిన్నర గంటలు ఉంటే అందులో దాదాపు 65 శాతమే నిద్ర. ఈ పద్ధతిలో మీకు ఐదున్నర గంటలే మంచం. ఆరింటికి లేవాలనుకుంటే రాత్రి పన్నెండున్నర దాకా పడుకోకూడదు, పగలు కునుకు తీయకూడదు. కొన్ని రోజులు గడిచేసరికి నిద్ర ఒత్తిడి పేరుకుని, ముక్కలుగా ఉన్న నిద్ర ఒక్క ముక్కగా కలుస్తుంది. వారం సగటున మంచంలోని సమయంలో 85 శాతం నిద్రే అయినప్పుడు పదిహేను నిమిషాలు పెంచుతారు. అలా వారం వారం పెంచుకుంటూ పోతారు. ఐదు గంటలకు తక్కువగా మాత్రం కుదించరు. దాచకుండా చెబుతాను, మొదటి రెండు వారాలు నరకంలా ఉంటాయి, చాలామంది అక్కడే వదిలేస్తారు. ఆ రోజుల్లో వాహనం నడపడం, యంత్రాల దగ్గర పని చేయడం వీలైనంత తగ్గించాలి. మూర్ఛ, బైపోలార్ రుగ్మత, నిద్రలో నడిచే అలవాటు ఉన్నవారు సొంతంగా ఈ పద్ధతి జోలికి వెళ్లకూడదు, ఎందుకంటే నిద్ర కుదించడం ఆ సమస్యలను రేపుతుంది. శిక్షణ పొందిన మనస్తత్వ నిపుణులు దగ్గర్లో దొరకకపోతే ఫోన్‌లో, కంప్యూటర్‌లో చేసే సీబీటీ-ఐ కార్యక్రమాలు ఉన్నాయి. మంచి పరీక్షల్లో అవీ ఫలితం చూపాయి.

సీబీటీ-ఐని, ఆక్యుపంక్చర్‌ను ఒకేసారి మొదలుపెట్టకండి. ముందు సూదుల కోర్సు గడువు ముగియనివ్వండి, లేదా దాన్ని ఆపి ఇది మొదలుపెట్టండి. వారం వారం తిరగలేనివారికి నేను రెండో దారే చెబుతాను.

వీటన్నిటికంటే ముందు ఒకసారి వైద్యులతో చూపించుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. మీరు గట్టిగా గురక పెడతారని, మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతుందని ఇంట్లోవారు అంటుంటే స్లీప్ అప్నియా పరీక్ష చేయించుకోవాలి. రాత్రి మధ్యలో మెలకువలకు అదొక సాధారణ కారణం, దానికి సూదులు గానీ సీబీటీ-ఐ గానీ చికిత్స కావు. సాయంత్రమయ్యేసరికి కాళ్లలో ఏదో పాకుతున్నట్టు, కదిలిస్తే గానీ ఉండలేనట్టు అనిపిస్తే రక్తంలో ఫెర్రిటిన్ చూపించుకోండి, ఇనుము నిల్వలు తగ్గితే ఆ బాధ పెరుగుతుంది. థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, కుంగుబాటు, స్టెరాయిడ్లు, ముక్కు దిబ్బడ మాత్రలు కూడా నిద్ర చెడగొడతాయి. మధ్యాహ్నం తర్వాత కాఫీ తాగుతున్నానని రాశారు. పడుకోవడానికి ఆరు గంటల ముందు తీసుకున్న 400 మిల్లీగ్రాముల కెఫీన్ గంటకు పైగా నిద్ర తగ్గించిందని 2013లో ఒక పరీక్షలో తేలింది. అది చాలా పెద్ద మోతాదే అయినా, మీరు మధ్యాహ్నం నుంచే ఆపి చూడటంలో నష్టమేమీ లేదు.

చివరిగా మాత్ర సంగతి. జోల్పిడెమ్‌ను వెంటనే ఆపేయమన్న సలహా పాటించకండి. సూదులు వేసేవారు ఎంత అనుభవజ్ఞులైనా, వైద్యులు రాసిన మందు మోతాదు మార్చవలసింది ఆ వైద్యులే. చాలాకాలం వాడిన నిద్రమాత్రను ఒక్కసారిగా మానితే కొన్ని రాత్రులు మునుపటికంటే ఘోరంగా నిద్ర చెడుతుంది, ఎక్కువ మోతాదులో ఎక్కువకాలం వాడినవారిలో అరుదుగా ఫిట్స్ కూడా రావచ్చు. ఆ చెడు రాత్రులు చూసి మాత్ర లేకుండా బతకలేననుకుని మళ్లీ మొదలుపెట్టినవారు చాలామంది ఉన్నారు. అది మందు మానేటప్పటి ప్రతిచర్య మాత్రమే, కొద్ది రోజుల్లో తగ్గుతుంది. అలాగని దాన్ని ఇలాగే ఏళ్ల తరబడి కొనసాగించడం కూడా మంచిది కాదు. మరుసటి ఉదయం దాకా మత్తు మిగులుతోందని గుర్తించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లో మహిళలకు మామూలు రకం జోల్పిడెమ్ మోతాదును 10 నుంచి 5 మిల్లీగ్రాములకు తగ్గించింది; నిద్రలోనే లేచి నడవడం, వాహనం నడపడం వంటి ఘటనల వల్ల 2019లో తీవ్ర హెచ్చరిక చేర్పించింది. మీకు ఎప్పుడైనా అలా జరిగి ఉంటే మాత్రం తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వైద్యులకు చెప్పండి. లేదంటే, సీబీటీ-ఐ మొదలుపెట్టాక, వైద్యుల పర్యవేక్షణలో రెండు వారాలకు ఒకసారి మోతాదులో పావు వంతు చొప్పున తగ్గించుకుంటూ రావడం చాలామందికి కుదిరే వేగం. నిద్రమాత్రలకు అలవాటు పడిన వృద్ధులపై 2004లో ప్రచురితమైన అధ్యయనంలో, మోతాదును క్రమంగా తగ్గించడం ఒక్కటే చేసినవారిలో 48 శాతం మంది మాత్ర నుంచి బయటపడితే, దానికి సీబీటీ జోడించినవారిలో 85 శాతం మంది బయటపడ్డారు. ఈసారి వైద్యులను కలిసినప్పుడు రెండు వారాల నిద్ర డైరీ, మాత్ర వేసుకున్న రాత్రుల గుర్తులతో సహా, వెంట తీసుకెళ్లండి. మోతాదు ఎక్కడ నుంచి తగ్గించడం మొదలుపెట్టాలో ఆ కాగితం చూస్తే వారికి తేలిగ్గా తెలుస్తుంది.